బిడ్డ నఫఖాకు సొంత కేసు నంబరు ఉండాలి
(కస్టడీ కేసు మూతబడితే పిల్లల పోషణ ఖర్చు ఏమవుతుంది? – ఒక అధ్యయనం)



ప్రతి ఏడాదీ ఈ సంచికలో చదువు గురించో, స్కాలర్‌షిప్పుల గురించో నాలుగు మాటలు రాస్తూ వచ్చాం. ఈసారి కోర్టు కాగితాల గురించి రాస్తున్నాం. బడి పంతుళ్ళకు కోర్టుతో పనేమిటని మీరు అడగవచ్చు. మా బడుల్లో నడుమనే చదువు మానేసిన పిల్లల వివరాలు కనుక్కుంటూ ఇళ్ళకు వెళ్తే, కొన్ని ఇళ్ళలో చివరకు తేలింది ఒకే సంగతి. తండ్రి వేరుగా ఉంటున్నాడు, నెలనెలా ఇవ్వమని కోర్టు చెప్పింది, ఆ డబ్బు రావడం లేదు. ఎందుకు రావడం లేదని ఆరా తీస్తే కొన్నిసార్లు తండ్రి మొండితనం కనబడింది, కొన్నిసార్లు కాగితం తప్పు కనబడింది. మొండితనానికి మందు చట్టంలో ఉంది. కాగితం తప్పును మాత్రం మనమే ముందుగా చూసుకోవాలి. ఆ తప్పేమిటో తెలుసుకోవడమే ఈ పాఠం.

మేము చూసిన ఒక ఇల్లు

పేర్లు చెప్పం, ఊరు చెప్పం. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో కూలికి వెళ్ళే ఒక తల్లి. ఇద్దరు పిల్లలు. పెద్దది ఏడో తరగతి, లెక్కల్లో చురుకైన పిల్ల. చిన్నవాడు మూడో తరగతి. తండ్రి హైదరాబాదులో డ్రైవరు. భార్యాభర్తలు విడిపోయాక, కొడుకును తనకు అప్పగించాలని తండ్రే కోర్టులో కస్టడీ పిటిషను వేశాడు. తల్లి తరఫు వకీలు, కేసు తేలేదాకా పిల్లల తిండికీ చదువుకీ డబ్బు ఇప్పించమని అదే కేసులో ఒక మధ్యంతర దరఖాస్తు పెట్టాడు. నెలకు 3,000 రూపాయలు ఇవ్వమని ఉత్తర్వు వచ్చింది. ఐదు నెలలు ఇచ్చాడు. తర్వాత వాయిదాలకు రావడం మానేశాడు. పిటిషను వేసినవాడే రాకపోవడంతో కోర్టు ఆ కేసును కొట్టివేసింది.

ఆ తల్లి సంతోషించింది. "కొడుకు నా దగ్గరే ఉంటాడు సార్, కేసు పోయింది" అని మిఠాయి కూడా తెచ్చింది. మేమూ సంతోషించాం. అక్కడే పొరబడ్డాం. కేసు పోయినప్పుడు దాని మీద ఆధారపడిన 3,000 కూడా పోయిందని ఆమెకు తెలియలేదు, మాకూ తోచలేదు. డబ్బు రాకపోతే ఆయనే ఇస్తాడులే అని ఆమె ఎదురు చూసింది. సొసైటీ తరఫున మేము ఆ ఏడాది ఫీజు కట్టి ఊరుకున్నాం. చేతిలో ఆర్డరు ఉంది కదా అనుకున్నాం. ఆ ఆర్డరు ఏ నంబరు కింద ఉందో ఒక్కసారి కూడా చదవలేదు.

పదకొండు నెలల తర్వాత ఆమె ఆ కాగితం పట్టుకుని కోర్టుకు వెళ్తే, ఈ ఫైలు మూతబడిందమ్మా, ఇందులో ఇప్పుడేమీ వేయడానికి లేదు అన్నారు. "నెలనెలా ఇయ్యమని జడ్జిగారే రాసిచ్చారు గదా సార్, మరి జడ్జిగారి మాట కూడా మూతబడుతుందా?" అని ఆమె మమ్మల్ని అడిగింది. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఆడపిల్ల అప్పటికే బడి మాని తల్లితో పాటు పనికి వెళ్తోంది. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మేము నేర్చుకున్నదే కింద రాస్తున్నాం.

రెండు హక్కులు, రెండు దారులు

మొదట తెలుసుకోవలసింది, బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్నది ఒక ప్రశ్న, బిడ్డ తిండికి ఎవరు ఇవ్వాలన్నది వేరొక ప్రశ్న. మన షరీఅత్‌లోనూ ఈ రెండూ వేరువేరే. పెంచే హక్కును హిజానత్ అంటారు. హనఫీ పద్ధతిలో మగబిడ్డ ఏడేళ్ళు వచ్చేదాకా, ఆడబిడ్డ యుక్తవయస్సు వచ్చేదాకా తల్లి దగ్గర ఉండాలి. పోషణ ఖర్చును నఫఖా అంటారు. బిడ్డ తల్లి ఒడిలో ఉన్నా నఫఖా బాధ్యత తండ్రిదే. దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 233వ ఆయత్ భావమూ ఇదే. పాలిచ్చే తల్లికి తిండి, బట్ట తండ్రి ఇవ్వాలి. బిడ్డ కారణంగా తల్లిని గానీ తండ్రిని గానీ బాధపెట్టకూడదు. ఎవరి మీదా వారి శక్తికి మించిన భారం వేయకూడదు. అబూ సుఫ్యాన్ భార్య హింద్, తన భర్త సరిపడా ఇవ్వడం లేదని దైవప్రవక్త (స) వద్ద మొరపెట్టుకున్నప్పుడు, తనకూ పిల్లలకూ న్యాయంగా సరిపడినంత తీసుకోమని ఆయన అనుమతించిన సంగతి హదీసు చదివిన వారికి తెలిసిందే. పిల్లల నఫఖా తండ్రి దయ మీద ఆధారపడేది కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

దేశ చట్టంలో కూడా ఇవి రెండు దారులు. కస్టడీ విషయం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద నడుస్తుంది. బిడ్డ మామూలుగా నివసించే చోటి జిల్లా కోర్టు పరిధిలో పిటిషను వేయాలి. దానికి ఓ.పి. నంబరు వస్తుంది. అక్కడ కోర్టు ప్రధానంగా చూసేది బిడ్డ సంక్షేమం. పోషణ విషయం ఇదివరకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను కింద ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను వచ్చింది. ఇది మేజిస్ట్రేటు కోర్టులో వేసేది. దీనికి ఎం.సి. అంటే మెయింటెనెన్స్ కేసు నంబరు వస్తుంది. ఫ్యామిలీ కోర్టు ఉన్న పరిధిలో రెండూ ఒకే భవనంలో నడిచినా నంబర్లు మాత్రం వేరే.

మా తరగతిలో పిల్లలకు ఒక మాట చెబుతుంటాం. ఒకే పలక మీద రెండు లెక్కలు వేయకండి, ఒకటి చెరిపేటప్పుడు రెండోది కూడా పోతుంది అని. ఆ తల్లి విషయంలో జరిగింది అదే. కస్టడీ అనే లెక్క వేసిన పలక మీదే ఒక మూలన నఫఖా లెక్క వేశారు. తండ్రి రాకపోయేసరికి కోర్టు పలక తుడిచింది.

ఫైలు ఎలా మూతబడుతుంది?

కస్టడీ కేసు నిద్రపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. పిటిషను వేసినవారు వాయిదాకు రాకపోతే గైర్హాజరు కింద కొట్టివేస్తారు. ఇద్దరూ రాకపోయినా అంతే. కొందరు తామే ఉపసంహరించుకుంటారు. కొన్ని కేసుల్లో బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండిపోతాయి. కొట్టివేసిన కేసును తిరిగి తెరిపించుకోవడానికి, కేసు వేసినవారు సరైన కారణం చూపి 30 రోజుల్లోగా దరఖాస్తు పెట్టుకోవాలి. కానీ కేసు వేసింది తండ్రి అయితే, తెరిపించాలనే ఆసక్తి ఆయనకెందుకు ఉంటుంది? డబ్బు కట్టాల్సినవాడి చేతిలోనే ఫైలు తాళం ఉన్నట్టు.

మధ్యంతర ఉత్తర్వు అంటే అసలు కేసు తేలేదాకా నడిచే ఏర్పాటు. అసలు కేసు ముగిస్తే ఆ ఏర్పాటు ముందుకు సాగదు. కేసు నడిచిన కాలానికి పేరుకున్న బకాయి సంగతి వేరు, దాన్ని న్యాయవాది ద్వారా విడిగా అడగాలి. కానీ వచ్చే నెల ఖర్చుకు ఆ కాగితం పనికిరాదు.

అదే ఎం.సి. కింద వచ్చిన తుది ఉత్తర్వు అయితే కథ వేరు. కస్టడీ ఓ.పి. కొట్టివేసినా, ఉపసంహరించుకున్నా, ఏళ్ళ తరబడి కదలకపోయినా ఎం.సి. ఉత్తర్వు చెక్కుచెదరదు. పరిస్థితులు మారాయని రుజువు చేసి ఎవరో ఒకరు మార్పు కోరి, కోర్టు మార్చేదాకా ఆ ఉత్తర్వు నడుస్తూనే ఉంటుంది. అందుకే బిడ్డ నఫఖాకు సొంత నంబరు కావాలని అంటున్నాం.

నూర్ సబా ఖాతూన్ కేసు చెప్పే పాఠం

బిడ్డ హక్కు ఇంకొకరి కేసుకు తోక కాదన్న సంగతిని సుప్రీంకోర్టు 1997లోనే ఒక ముస్లిం కుటుంబం కేసులో స్పష్టం చేసింది. బీహారుకు చెందిన నూర్ సబా ఖాతూన్‌ను భర్త మహమ్మద్ ఖాసిం ముగ్గురు పిల్లలతో సహా ఇంట్లోంచి పంపించేశాడు. ఆమె 125వ సెక్షను కింద కేసు వేసింది. కింది కోర్టు ఆమెకు నెలకు 200, ఒక్కో బిడ్డకు నెలకు 150 రూపాయలు ఇవ్వమంది. తర్వాత భర్త తలాఖ్ ఇచ్చి, 1986 నాటి ముస్లిం మహిళల (విడాకుల హక్కుల రక్షణ) చట్టం వచ్చింది కాబట్టి ఇక పిల్లలకు ఇవ్వనక్కరలేదని వాదించాడు. ఆ చట్టంలో, విడాకులు పొందిన తల్లికి బిడ్డ పుట్టిన నాటి నుంచి రెండేళ్ళదాకా పెంపకం ఖర్చు ఇవ్వాలని ఒక మాట ఉంది. పాట్నా హైకోర్టు దాన్ని పట్టుకుని, పిల్లలకు రెండేళ్ళు నిండేదాకానే ఖర్చు వస్తుందని తీర్పు చెప్పింది.

సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. ఆ రెండేళ్ళ మాట తల్లికి సంబంధించినది, 125వ సెక్షను కింద పిల్లల హక్కు వారి సొంత హక్కు, తల్లిదండ్రుల విడాకులతో అది తగ్గదు అని చెప్పింది. పిల్లలు మేజర్లు అయ్యేదాకా లేదా తమను తాము పోషించుకోగలిగేదాకా, ఆడపిల్లల విషయంలో పెళ్ళి అయ్యేదాకా, స్తోమత ఉన్న తండ్రి పోషించాల్సిందేనని తేల్చింది. ముస్లిం ధర్మశాస్త్రం కూడా ఇదే చెబుతోందని తీర్పులో వివరించింది.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. ఆ ముగ్గురు పిల్లలకు మొదటి నుంచీ ఎవరి పేరున వారికి ఒక మొత్తం రాసి ఉంది. తల్లి వివాహం మీద వివాదం నడిచినా, పిల్లల 150 రూపాయలను విడిగా కాపాడుకోగలిగారు. ఒకవేళ అంతా కలిపి ఒకే మొత్తంగా, ఇంకొక కేసులో ఒక మూలన రాసి ఉంటే ఇంత తేలికగా వేరు చేసి చూపడం కుదిరేది కాదు.

తల్లి హక్కు గురించి కూడా ఒక మాట. 2024 జూలై 10న మన పొరుగు తెలంగాణ నుంచి వెళ్ళిన మహమ్మద్ అబ్దుల్ సమద్ కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా 125వ సెక్షను కింద భరణం అడగవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 మధ్యంతర భరణం ఇవ్వమంటే, తెలంగాణ హైకోర్టు దాన్ని 10,000కు తగ్గించింది. ఆ ఉత్తర్వులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. కాబట్టి తల్లికీ పిల్లలకూ కలిపి ఒకే ఎం.సి. వేయవచ్చు. అయితే ఎవరికెంత అన్నది విడివిడిగా రాయించుకోవాలి.

ఎప్పటి నుంచి డబ్బు వస్తుంది?

2020 నవంబరు 4న రజనీష్ – నేహ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రతి తల్లికీ తెలియాలి. ఆ కేసులో తల్లీ కొడుకులకు 2013 సెప్టెంబరు నుంచి మధ్యంతర భరణం రావలసి ఉండగా, వివాదం 2020 దాకా సాగింది. అటువంటి ఆలస్యాలను చూసే కోర్టు కొన్ని మార్గదర్శకాలు పెట్టింది. వాటిలో మనకు పనికొచ్చేవి మూడు.

ఒకటి, భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే ఇప్పించాలి. అందుకే దరఖాస్తు ఒక నెల ఆలస్యమైతే బిడ్డకు ఒక నెల కూడు పోయినట్టే. రెండు, ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో ప్రమాణపత్రం దాఖలు చేయాలి. నాకు జీతమే లేదు అని నోటిమాటగా చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదు. మూడు, అంతకుముందు వేరే కేసులో భరణం ఉత్తర్వు ఏదైనా వచ్చి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పాలి. మూతబడిన కస్టడీ ఫైలులోని పాత ఆర్డరును దాచాల్సిన పని లేదు, చూపించాలి. తండ్రి అప్పట్లో ఎంత ఇవ్వగలిగాడో దాన్నిబట్టి కొత్త కోర్టుకు తెలుస్తుంది.

నోటీసు అందిన నాటి నుంచి వీలైనంతవరకు 60 రోజుల్లో మధ్యంతర భరణం దరఖాస్తు తేల్చాలని చట్టంలోనే ఉంది. 2001 వరకు 500 రూపాయల గరిష్ఠ పరిమితి ఉండేది. ఇప్పుడది లేదు.

ఆర్డరు చేతికొచ్చాక

ఆర్డరు వచ్చిందంటే డబ్బు వచ్చినట్టు కాదు. ఇవ్వకపోతే అదే కోర్టులో అమలు దరఖాస్తు వేయాలి. కోర్టు వారెంటు జారీ చేసి బకాయిని జరిమానాలా వసూలు చేయవచ్చు. అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బకాయికి ఒక నెల దాకా జైలు వేయవచ్చు. జైలుకు వెళ్ళినంత మాత్రాన బాకీ తీరదని, జైలు అనేది కట్టించడానికి వాడే సాధనమే గానీ కట్టినదానికి రసీదు కాదని సుప్రీంకోర్టు 1989లో కుల్దీప్ కౌర్ కేసులో చెప్పింది.

ఇందులో ఒక గడువు ఉంది. బకాయి పడిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు వేస్తేనే ఈ వారెంటు దారి తెరిచి ఉంటుంది. లెక్క చూడండి. నెలకు 3,000 చొప్పున 20 నెలలు ఇవ్వకపోతే మొత్తం 60,000. ఏ దరఖాస్తూ వేయకుండా 20 నెలలు ఊరుకుని అప్పుడు వెళ్తే, వారెంటు దారిలో చివరి 12 నెలల 36,000 మాత్రమే దొరుకుతుంది. మొదటి 8 నెలల 24,000 రూపాయలకు ఆ సులువైన దారి మూసుకుపోతుంది. ఒకసారి గడువులోగా దరఖాస్తు వేసి దాన్ని బతికించుకుంటే, తర్వాతి నెలల బకాయిలను కూడా అందులోనే అడగవచ్చని 2005లో శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతిసారీ కొత్తగా మొదలు పెట్టనక్కరలేదు.

మన ప్రాంతానికి బాగా పనికొచ్చే వీలు ఇంకొకటి ఉంది. కంభం, బేస్తవారిపేట, రాచర్ల, కొమరోలు, ఎర్రగొండపాలెం వైపు నుంచి మగవాళ్ళు పనులకోసం హైదరాబాదుకో, బెంగళూరుకో వెళ్తుంటారు. కేసు వేయడానికి తల్లి అక్కడికి వెళ్ళనక్కరలేదు, తాను నివసిస్తున్న చోటే వేయవచ్చు. ఉత్తర్వు వచ్చాక, ఆ తండ్రి దేశంలో ఎక్కడున్నా అక్కడి మేజిస్ట్రేటు కూడా దాన్ని అమలు చేయవచ్చు. ఉత్తర్వు నకలు ఆమెకు ఉచితంగా ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది. ఈ మూడింటినీ మేము ఎంతోమందికి చెప్పాం. విన్న తల్లులు మొదట నమ్మరు.

ఫైలు మూతబడిన తల్లి ఏం చేయాలి?

మేము ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా ఈ వరుసలోనే చూస్తున్నాం.

1. ఆర్డరు కాగితం మొదటి పేజీ చదవండి. పైన ఉన్న నంబరు ఎం.సి.యా, ఓ.పి.యా, ఓ.పి.లో వేసిన ఐ.ఏ.నా? ఏ సెక్షను కింద ఇచ్చారు?

2. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలు గల సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది. దాన్ని ఈ-కోర్ట్స్ యాప్‌లో వేస్తే కేసు నడుస్తోందా, ముగిసిందా, తర్వాతి వాయిదా ఎప్పుడు అన్నది తెలుస్తుంది. ఫోను తెలిసిన పదో తరగతి పిల్లవాడు కూడా చూసి చెప్పగలడు.

3. ఎం.సి. కింద ఉత్తర్వు ఉంటే కస్టడీ ఫైలు గురించి దిగులు పడవద్దు. చివరిసారి డబ్బు ఎప్పుడు వచ్చిందో రాసుకుని, ఏడాది దాటకముందే అమలు దరఖాస్తు వేయించండి.

4. కస్టడీ కేసులోని ఐ.ఏ. మాత్రమే ఉండి ఆ కేసు ముగిసిపోతే, ఒక్క రోజు కూడా ఆగకుండా బిడ్డల పేరున కొత్త ఎం.సి., దానితోపాటు మధ్యంతర భరణం దరఖాస్తు వేయించండి. పాత ఆర్డరు నకలు జత చేయండి.

5. డబ్బు చేతికి కాకుండా బ్యాంకు ఖాతాలో వేయమని ఉత్తర్వులో రాయించుకోండి. ఇచ్చాను, ఇవ్వలేదు అనే గొడవ అప్పుడు రాదు.

6. వకీలు ఫీజు గురించి భయపడవద్దు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీలో అడగవచ్చు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

జమాత్ పెద్దలకు ఒక మనవి

మన దగ్గర చాలా తగాదాలు మస్జిద్ ఆవరణలోనే తీరుతాయి. అది మంచిదే. కానీ అక్కడ రాసే స్టాంపు కాగితాల్లో రెండు లోపాలు చూశాం.

మొదటిది, ఖులా అడిగిన స్త్రీ చేత మహర్‌తో పాటు పిల్లల ఖర్చు కూడా వదులుకున్నట్టు రాయించడం. మహర్ ఆమెది, ఇష్టపడి వదులుకుంటే వదులుకోవచ్చు. నఫఖా బిడ్డది. బిడ్డ సొమ్మును వదులుకునే అధికారం తల్లికి లేదు. పెద్దలే ఆ వాక్యం రాయకుండా ఆపాలి.

రెండోది, "బిడ్డను చూపిస్తేనే డబ్బు ఇస్తా, డబ్బు ఇస్తేనే చూపిస్తా" అని ఇద్దరూ ముడిపెట్టడం. తండ్రి బిడ్డను చూడాలనుకోవడం న్యాయమే. అది బిడ్డకు కూడా అవసరం. కానీ దానికి దీనికి ముడిపెడితే నష్టపోయేది బిడ్డే. రెండింటినీ విడివిడిగా రాయండి.

రాజీ కుదిరితే ఆ కాగితాన్ని జేబులో పెట్టుకోకుండా లోక్ అదాలత్‌లో నమోదు చేయించండి. లోక్ అదాలత్ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. మన స్టాంపు కాగితానికి ఆ బలం లేదు.

దాతలతో నాలుగు మాటలు

అమెరికాలో 1975లో వచ్చిన చట్టం వల్ల ప్రతి రాష్ట్రంలోనూ పిల్లల పోషణ ఖర్చు వసూలుకు ప్రత్యేక ప్రభుత్వ యంత్రాంగం ఉంది. తండ్రి జీతంలోంచే కోసి తల్లికి పంపుతారు. మన దేశంలో అటువంటి కార్యాలయం లేదు. ఇక్కడ వసూలు భారం తల్లి కాళ్ళ మీదే ఉంది. ప్రతి వాయిదాకు ఆమె ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి, గిద్దలూరుకో మార్కాపురానికో బస్సు ఛార్జీ పెట్టుకోవాలి. నాలుగు వాయిదాలు తిరిగాక ఆ ఖర్చు భరించలేక మానేస్తుంది. అప్పుడు ఆమె కేసు కూడా గైర్హాజరు కింద పోయే ప్రమాదం ఉంది. తండ్రి ఫైలు మూతబడటానికి నిర్లక్ష్యం కారణమైతే, తల్లి ఫైలు మూతబడటానికి పేదరికం కారణమవుతుంది.

కొందరు దాతలు మమ్మల్ని అడిగారు. "మేమిచ్చేది అనాథలకు, పేద పిల్లలకు. తండ్రి బతికి ఉన్న పిల్లలకు ఎందుకివ్వాలి? మనం ఇస్తూ పోతే ఆ తండ్రి ఇంకా తప్పించుకోడా?" ఇది న్యాయమైన ప్రశ్న. మా జవాబు ఇది. ఆ తల్లి పేదరాలైతే జకాత్‌కు అర్హురాలే. ఆ సొమ్ము ఆమె చేతికే ఇస్తాం. కానీ మన సహాయం తండ్రి బాధ్యతకు బదులు కాకూడదు. అందుకని ఫీజు కట్టిన ప్రతి ఇంట్లోనూ ఆర్డరు కాగితం అడిగి చూస్తున్నాం. వాయిదా రోజు ఛార్జీ, పోయిన కూలి, నకళ్ళ ఖర్చు లిల్లాహ్ నిధి నుంచి ఇస్తున్నాం. ఫీజుకు మనం ఇచ్చే రూపాయి ఆ ఏడాదికే సరిపోతుంది. తల్లిని కోర్టు మెట్లదాకా నడిపించిన రూపాయి, బిడ్డకు పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా తండ్రి చేత కట్టించగలదు.

మొదట చెప్పిన ఆ ఇంటి సంగతి చెప్పి ముగిస్తాం. ఉచిత న్యాయ సహాయంతో కొత్త ఎం.సి. వేయించాం. పాత ఆర్డరు నకలు జత చేశాం. మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. ఈసారి ఒక్కో బిడ్డ పేరున విడిగా, బ్యాంకు ఖాతాకు. డబ్బు ఒక నెల వస్తుంది, ఒక నెల ఆగుతుంది. ఆగిన నెలను ఆ తల్లి నోటుబుక్కులో తేదీతో సహా రాసుకుంటోంది. ఆడపిల్ల బడికి తిరిగి వచ్చింది. ఒక ఏడాది వెనకబడి, తనకంటే చిన్నవాళ్ళతో కూర్చుంటోంది. ఆ ఏడాదిని ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు. మేము ఆ కాగితం మొదటి పేజీ ముందే చదివి ఉంటే ఆ ఏడాది పోయేది కాదు. ఈ బాధ్యత మాది కూడా అని ఒప్పుకుంటూనే ఈ వ్యాసం రాస్తున్నాం.

పునశ్చరణ

ఇంట్లో చదివి, ఇరుగుపొరుగుతో మాట్లాడుకోవడానికి నాలుగు ప్రశ్నలు.

1. హిజానత్‌కూ నఫఖాకూ తేడా ఏమిటి? బిడ్డ తల్లి దగ్గర ఉన్నప్పుడు నఫఖా ఎవరి బాధ్యత?

2. కస్టడీ ఓ.పి. కొట్టివేస్తే దానిలోని మధ్యంతర ఉత్తర్వు ఏమవుతుంది? ఎం.సి. ఉత్తర్వు ఏమవుతుంది?

3. నెలకు 2,500 చొప్పున 15 నెలల బకాయి ఉంది. ఇప్పటిదాకా ఏ దరఖాస్తూ వేయలేదు. ఈ రోజు వేస్తే వారెంటు దారిలో ఎంత అడగవచ్చు?

4. మీ వీధిలో భర్తకు దూరంగా పిల్లలను పెంచుకుంటున్న తల్లి ఉందా? ఆమె చేతిలోని ఆర్డరు మొదటి పేజీని ఎవరైనా చదివి చెప్పారా?

నాలుగో ప్రశ్నకు జవాబు "లేదు" అయితే, దయచేసి మాకు కబురు చేయండి. మేమే వచ్చి చదివి చెబుతాం.

మీరిచ్చిన ప్రతి రూపాయినీ అల్లాహ్ స్వీకరించుగాక. మన పిల్లల హక్కులు ఎవరి నిర్లక్ష్యం వల్లా చెరిగిపోకుండా కాపాడే శక్తిని మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.